పెద్దమ్మ వేషం ఎవరిది

ఆ సాయంకాలపు బడిలో పదో తరగతి చదివేవాళ్ళంతా పగలు ఎక్కడో ఒకచోట ఒళ్ళు హూనం చేసుకుని వచ్చేవాళ్ళే. బ్యూటీ పార్లర్లో జుట్లు కత్తిరించే పిల్ల, బ్యాంకు గేటు దగ్గర నిలబడే గార్డు, ఇంటింటికీ పార్సిళ్ళు మోసే కుర్రాళ్ళు, బట్టల కొట్లో అరలు సర్దే అమ్మాయిలు. దాదాపు అందరూ పాతికలోపు వాళ్ళు. వాళ్ళ మధ్య, కిటికీ పక్క బెంచీ మీద, యాభై రెండేళ్ళ మనిషి ఒకావిడ కూర్చునేది. ఆవిడది ఆస్పత్రి లాండ్రీలో ఉద్యోగం. మొదటి వారంలోనే ఎవరో "పెద్దమ్మా" అని పిలిచారు, ఆవిడ "ఊఁ" అంది, ఇక ఆ పిలుపే ఖాయమైపోయింది. కాదనడం ఆవిడకి చిన్నప్పటినుంచీ చేతకాని విద్య.

నిజానికి ఆవిడ ఎవరికీ అమ్మా కాదు, పెద్దమ్మా కాదు. పెళ్ళి కాలేదు. ఎవరూ చెయ్యలేదు, ఆవిడ అడగలేదు, అంతే. తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లి పోయింది. తండ్రి లారీ డ్రైవరు. ఇంట్లో ఉన్న రోజులకంటే రోడ్డు మీద ఉన్న రోజులే ఎక్కువ. తమ్ముడికి అప్పటికి నాలుగేళ్ళు. "వాడు కాస్త ఊపందుకున్నాక నువ్వు మళ్ళీ బడికి పోదువుగాని" అన్నాడు తండ్రి. అన్న మనిషి మర్చిపోయాడు గానీ విన్న పిల్ల మర్చిపోలేదు. బడి గౌను రెండేళ్ళపాటు పెట్టెలో దాచింది. ఆ తర్వాత దాన్ని కత్తిరించి తమ్ముడికి రెండు నిక్కర్లు కుట్టింది. గట్టి గుడ్డ, చాలాకాలం వచ్చాయి.

తమ్ముడు చెట్టంతవాడయ్యాడు. ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. తండ్రి కూడా ఒకరోజు రోడ్డు మీదే గుండె ఆగి వెళ్ళిపోయాడు. ఆవిడ ఒక్కతే బడి ఎదురుసందులో మేడమీద గది ఒకటి అద్దెకు తీసుకుంది. పగలంతా ఆస్పత్రి నేలమాళిగలో దుప్పట్లతో పని. ఉతికిన దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని వేడి రోలర్లోకి అందించాలి, అవతలి పక్క ఇంకో ఇద్దరు అందుకుని మడత పెట్టాలి. ఆ మిషన్ల హోరులో మాటలు వినపడవు. ముప్పై ఏళ్ళుగా పక్కనే పనిచేస్తున్న ఆడవాళ్ళు ఆవిడకి చేతుల సైగలతోనూ కనుబొమల ఆటతోనూ తెలుసు తప్ప, వాళ్ళ గొంతులు సరిగా తెలియవు. ఇంటికి వస్తే మాట్లాడేవాళ్ళే లేరు. తన దుప్పటిని తనే గడ్డం కింద ఇరికించుకుని, చేతులు చాపి, మడత పెట్టుకునేది.

అలాంటి మనిషికి చదువు పిచ్చి ఎలా పట్టిందంటే, ఆ కిటికీ వల్ల. సాయంత్రం పొయ్యి మీద ఏదో పడేసి కిటికీ దగ్గర నిలబడితే, ఎదుటి బడిలో లెక్కల మాస్టారి గొంతు స్పష్టంగా వినిపించేది. పాఠం చెప్పి, ప్రశ్న అడిగి, ఆగేవాడు. అటునుంచి ఒక్కడూ నోరు మెదిపేవాడు కాదు. జవాబు లేకుండా ప్రశ్న అలా వేలాడుతుంటే ఈవిడకి ఊపిరాడేది కాదు. ఒకే పాఠం మూడేళ్ళు మూడు బ్యాచీలకి చెప్పగా విన్నాక, ఒకనాడు తనకు తెలియకుండానే గరిటె పట్టుకుని కిటికీలోంచి పైకే జవాబు చెప్పేసింది. కింద రోడ్డు మీద వెళ్ళే మనిషి తలెత్తి చూశాడు. సిగ్గుతో లోపలికి పారిపోయింది. వారం తిరక్కుండా బడిలో చేరింది.

చేరిన రోజున జరిగిన పొరపాటు చిన్నది. బెంచీ దుమ్ముగా ఉంటే సంచీలోంచి గుడ్డ తీసి తుడుచుకుంది. గుడ్డ ఎలాగూ చేతిలో ఉంది కదా అని ముందు బెంచీ కూడా తుడిచింది. పక్కనున్న పార్లర్ పిల్ల పొద్దుట్నుంచీ ఏమీ తినలేదంటే తన డబ్బా మూత తీసి జరిపింది. మర్నాడు డబ్బా కాస్త పెద్దదైంది. నెల తిరిగేసరికి సంచీలో సూదీ దారం, తలనొప్పి మాత్రలు, గొంతునొప్పి బిళ్ళలు అన్నీ చేరాయి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈవిడ ఎవరూ అడక్కుండానే పెట్టేది. పెట్టాక వాళ్ళు "మా పెద్దమ్మ బంగారం" అంటుంటే ఆవిడకి హాయిగానే ఉండేది కూడా. అది కాదంటే అబద్ధమవుతుంది.

అయితే హాయికీ హాయికీ తేడా ఉంది. లెక్కల క్లాసులో దొరికే హాయి వేరు. దుప్పటి ఎంత తెల్లగా ఉతికినా మర్నాటికి మళ్ళీ మాసి వస్తుంది. ఒక త్రిభుజం గురించి ఒకసారి రుజువు చేశాక అది రేపు మాసిపోయి రాదు. ఈ సంగతి తెలిసిన రోజున ఆవిడ ఇంటికి వెళ్ళి ఎవరితోనైనా చెప్పుకోవాలని గింజుకుంది. చెప్పుకోవడానికి ఎవరూ లేక ఊరుకుంది. చివరి పాఠంలో మాస్టారు గోళం ఘనపరిమాణం కనుక్కునే సూత్రం బోర్డు మీద రాసి, "ఇది ఎలా వచ్చిందన్నది పై తరగతుల్లో నేర్చుకుంటారు, ఇప్పటికి బట్టీ పట్టండి" అన్నాడు. క్లాసంతా పండగ చేసుకుంది, తప్పింది బాధ అని. ఆవిడ ఒక్కతే బోర్డుకేసి చూస్తూ ఉండిపోయింది. ఇంతదాకా తెచ్చి, తలుపు దగ్గర నిలబెట్టి, తాళం పై తరగతి వాళ్ళ దగ్గరుందంటే ఎలా?

బస్టాండు అవతల ఈవెనింగ్ కాలేజీ ఒకటి ఉంది. డ్యూటీ దిగి నేరుగా వెళ్తే అందుతుంది. ఆవిడ రెండుసార్లు దాని గేటు దాకా వెళ్ళి, ఏదో కొనడానికి వచ్చినట్టు పక్క కొట్లోకి చూసి వెనక్కి వచ్చేసింది.

ఇంకోపక్క తమ్ముడు కాచుక్కూర్చున్నాడు. మరదలికి సాయంత్రం షిఫ్టు ఉద్యోగం వచ్చింది, పిల్లల్ని చూసేవాళ్ళు లేరు. "పరీక్షలు అయిపోనీ అక్కా, నీ సరదా తీరిపోనీ, తర్వాత ఆ గది వదిలేసి మాతోనే వచ్చెయ్యి" అని ఎప్పుడో చెప్పాడు. పరీక్షలు అయిపోయాయి. ఆదివారం సాయంత్రం వచ్చి మాట తీసుకుంటానన్నాడు. వాడిమీద ఆవిడకి ప్రాణం. అందుకే కాలేజీ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఆ మాట తను అనలేకపోయేది, ఇంకెవరైనా అంటే బాగుండునని ఉండేది. ఇంకెవరున్నారు? క్లాసు ఉంది. ఆ ఆదివారమే పొద్దున క్లాసు వాళ్ళ వీడ్కోలు సభ. అక్కడ వాళ్ళు తన గురించి ఏమంటారో విని, సాయంత్రం తమ్ముడికి జవాబు చెప్పాలని లోలోపల నిర్ణయించుకుంది. యాభై రెండేళ్ళ మనిషి తన జుట్టు తీసుకెళ్ళి పాతికేళ్ళ పిల్లల చేతిలో పెట్టడం ఏమిటని మీరు అడగవచ్చు. ఆవిడ జుట్టు ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనే ఉంది. ఈసారి ఎవరి చేతిలో పెట్టాలో తనే ఎంచుకుంది, అదే తేడా.

ఆ బడిలో ఏటా ఒక అలవాటు ఉంది. వీడ్కోలు సభలో పదో తరగతి వాళ్ళు "ఇరవై ఏళ్ళ తర్వాత" అని ఒక నాటకం వేస్తారు. ఇరవై ఏళ్ళ తర్వాత అందరూ మళ్ళీ ఇదే హాల్లో కలుసుకున్నట్టూ, చదువుకున్న రోజులు తలుచుకున్నట్టూ ఉంటుంది. ఎవరి వేషం వాళ్ళు వెయ్యకూడదన్నది నియమం. ఎవరికి ఏ భవిష్యత్తు రాశారో వాళ్ళకి ముందుగా చెప్పకూడదు, వాళ్ళని అడగకూడదు. తన వేషంలో ఇంకొకరు స్టేజీ మీద తిరుగుతుంటే కింద కూర్చుని నవ్వుకోవాలి. మూడేళ్ళుగా ఆ నవ్వులు ఆవిడ తన కిటికీలోంచి వింటూనే ఉంది.

ఈసారి నాటకం రాసింది పార్లర్ పిల్ల. వారం ముందు వచ్చి, "పెద్దమ్మా, నీ ఫొటో ఒకటి కావాలి, పెద్దది, మంచిది" అంది.

"దేనికే?"

"అడగకూడదు. నాటకానికి."

ఆవిడ స్టూడియోకి వెళ్ళింది. చాలా ఏళ్ళ తర్వాత అద్దం ముందు నిలబడి పాపిడి సరిచేసుకుంది. ఫొటోగ్రాఫరు "కాస్త నవ్వండమ్మా" అంటే నవ్వింది కూడా. ఫొటో ఎందుకో ఆలోచించి ఆలోచించి, కాలేజీ గుర్తింపు కార్డు మీద అంటిస్తారేమో, దాన్ని మెళ్ళో వేసుకుని ఎవరో తన వేషం వేస్తారేమో అనుకుంది. ఎవరు వేస్తారు? బట్టల కొట్టు అమ్మాయి పొట్టిది, నప్పదు. పార్లర్ పిల్లే వేస్తే బాగుంటుంది, దానికి తన నడక తెలుసు. ఈలోగా "పెద్దమ్మా, స్టేజీకి తెర కావాలి" అన్నారు వాళ్ళు. లాండ్రీలో పనికిరానివని పక్కన పడేసిన దుప్పట్లు అడిగి తెచ్చి, మిషన్ మీద కుట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చింది.

ఆదివారం పొద్దున హాలు నిండిపోయింది. పక్క తరగతుల వాళ్ళు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు, ఇద్దరు ముగ్గురు పాత విద్యార్థులు. ఆవిడ మూడో వరసలో కూర్చుంది. తెర లేచింది, కుట్టు ఎక్కడా పిగలలేదు.

ముందుగా గార్డు వేషం వచ్చింది. బట్టల కొట్టు అమ్మాయి పొట్టకి తలగడ కట్టుకుని, హోటలు యజమాని అయిపోయిన గార్డులా నడిచింది. గేటు దగ్గర నలుగురు గార్డులు లేచి సలాం కొట్టారు. "కూర్చోండయ్యా, కూర్చోండి. నిలబడితే కాళ్ళు ఎలా పీకుతాయో నన్నడగండి" అంది యజమాని. కింద కూర్చున్న అసలు గార్డు పకపకా నవ్వి, తర్వాత చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. పార్సిళ్ళు మోసే కుర్రాడికి ఎంత పెద్ద ఇల్లు రాశారంటే, పార్సిలు తెచ్చినవాడు గేటు దగ్గర బయల్దేరి తలుపు చేరేసరికి దారిలో రెండుసార్లు భోంచేశాడు. పార్లర్ పిల్ల వేషం గార్డు వేశాడు, విగ్గు పెట్టుకుని. హాలు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. లెక్కల మాస్టారికి బట్టతల పెట్టారు. ఆయన కింద కూర్చుని తన జుట్టు తడుముకున్నాడు.

ఆవిడ కూడా అందరితో పాటు నవ్వుతూనే, ఒక్కొక్కరు లోపలికి వస్తున్నప్పుడల్లా చెవులు రిక్కించింది. తన నడక కోసం చూసింది. భుజాన సంచీ ఉందేమో అని చూసింది. ఎవరూ ఆ వేషంలో రాలేదు. అందరూ వచ్చి కూర్చున్నాక స్టేజీ మీద ఒకరు, "అందరం వచ్చినట్టేనా?" అన్నారు. "ఒక్కరు తక్కువ" అంది హోటలు యజమాని. ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది.

అప్పుడు అసలు పార్లర్ పిల్లే లోపలినుంచి ఒక కుర్చీ తెచ్చి మధ్యలో వేసింది. కుర్చీలో ఆవిడ ఫొటో పెట్టింది. పెద్దది చేయించారు, ఫ్రేము కట్టించారు. స్టూడియోలో నవ్విన నవ్వు హాలంతటికీ కనిపించింది. ఆవిడకి మొదట సంతోషమే కలిగింది. ఫొటో పెట్టారంటే ఏదో పెద్ద హోదాలోకి వెళ్ళిపోయి ఉంటాను, పనిమీద ఉండి రాలేకపోయి ఉంటాను అనుకుంది. ఆ ఫొటో ముందు పార్లర్ పిల్ల పూలు ఉంచేదాకా అలాగే అనుకుంది.

"మన పెద్దమ్మ ఈరోజు మన మధ్య లేదు" అని మొదలుపెట్టింది పిల్ల. గొంతు నిజంగానే వణికింది. "కానీ ఆవిడ పెట్టిన తిండి మన ఒంట్లో ఉంది. ఆకలితో వస్తే పెట్టింది. గుండీ ఊడితే కుట్టింది. జ్వరమొస్తే మందు తెచ్చింది. మన బెంచీలు తుడిచింది. మన పెద్దమ్మ ఎక్కడున్నా మనల్ని చూస్తూనే ఉంటుంది."

ఎక్కడో ఏమిటి, మూడో వరసలోంచే చూస్తోంది. హాల్లో ముక్కులు చీదుతున్న చప్పుడు. గార్డు విగ్గు తీసేసి తల వంచుకున్నాడు. ఆవిడ మాత్రం ఆ మాటల్లో ఇంకో మాట కోసం వెతుకుతూ ఉంది. త్రిభుజాల పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు తనకే వచ్చాయి. మాస్టారు ప్రశ్న వేస్తే జవాబు చెప్పేది తనే. చదువుకుంది అని ఒక్క మాట, పొరపాటునైనా ఎవరో ఒకరు అంటారని చూసింది. తినిపించింది, కుట్టింది, తుడిచింది దగ్గరే ఆగిపోయింది జాబితా. అన్నీ తను చేసినవే, ఒక్కటీ అబద్ధం కాదు.

"మన పెద్దమ్మ జ్ఞాపకార్థం ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం" అంది పిల్ల.

స్టేజీ మీద వాళ్ళు లేచారు. మాస్టారు లేచాడు. వరసలు వరసలుగా హాలంతా లేచింది. ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది. వెనకనుంచి ఎవరో భుజం మీద తట్టి, "లే పెద్దమ్మా, బాగోదు" అన్నారు. లేచి నిలబడింది. అందరితో పాటు తల వంచుకుంది.

నాటకం అయ్యాక చప్పట్లు ఎంతకీ ఆగలేదు. మాస్టారు మైకు అందుకుని, "అమ్మా, మీరు కూడా రెండు ముక్కలు మాట్లాడాలి" అన్నాడు. ఆవిడ ఎక్కింది. ఎదురుగా అందరి మొహాల్లో ప్రేమే ఉంది. కోపం తెచ్చుకోవడానికి ఎక్కడా సందు దొరకలేదు.

"నేను డెబ్బై రెండుకి పోను" అంది. నవ్వులు. "ఆ మీటింగుకి నేనూ వస్తాను. వచ్చి కూర్చుంటాను." ఇంకా నవ్వులు. "అప్పటికి నా కాలేజీ కూడా ఎప్పుడో అయిపోయి ఉంటుంది."

ఆ మాట అనడానికి ఆవిడ ఎన్ని నెలలు ధైర్యం కూడదీసుకుందో ఎవరికీ తెలియదు కదా. హాలు గొల్లుమంది. ఎవరో ఈల వేశారు. "పెద్దమ్మ జోకులు మామూలుగా ఉండవురా బాబూ" అన్నాడు పార్సిళ్ళ కుర్రాడు. నేను నిజంగానే అంటున్నాను అని చెప్పబోయింది. వాళ్ళు అంత సంతోషంగా నవ్వుతుంటే ఆపడం ఎలాగో తెలియలేదు. తనూ నవ్వి దిగిపోయింది. అన్ని వందల మంది మధ్య అంత ఒంటరిగా ఆవిడ ఎప్పుడూ లేదు. మేడమీద గదిలో కూడా లేదు.

జనం వెళ్ళిపోయాక తెర దింపి మడత పెట్టాల్సి వచ్చింది. పార్లర్ పిల్ల అవతలి కొస పట్టుకుంది.

"కోపం రాలేదు కదా పెద్దమ్మా?"

"నాకేం జబ్బు చేసిందే?"

"ఏంటి?"

"ఎలా పోయానూ అని."

"అదేం రాయలేదు. నిద్రలోనే అనుకో."

"పోనీలే. ఎవరిచేతా చాకిరీ చేయించుకోలేదన్నమాట."

పిల్ల నవ్వి, దుప్పటి కొస తీసుకుని దగ్గరికి వచ్చింది. "అందరికీ నవ్వులే రాశాను. నీకొక్కదానికే ఏడుపు రాశాను. అన్నిటికంటే మంచి పార్టు నీదే. ఇరవై ఏళ్ళ తర్వాత నువ్వేం చేస్తుంటావా అని ఎంత ఆలోచించినా ఏమీ తట్టలేదు పెద్దమ్మా. నువ్వు లేవు అనుకోగానే మాత్రం మాటలు వాటంతటవే వచ్చేశాయి."

"నన్ను అడగొచ్చుగా" అంది ఆవిడ.

"అడగకూడదన్నది రూలు కదా."

నిజమే, రూలే. ఆవిడ తెర మడిచి సంచీలో పెట్టుకుంది. పిల్ల ఆ ఫొటో కూడా తెచ్చి చేతిలో పెట్టింది, ఫ్రేముతో సహా, ఇంట్లో పెట్టుకోమని. దాన్ని చంకలో పెట్టుకుని రోడ్డు దాటి గదికి వచ్చింది. ఎక్కడ పెట్టాలో తోచక గోడకి తిప్పి ఆనించింది.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. వస్తూనే చెప్పులు విప్పి, మంచం కొలత చూశాడు.

"ఇది మా ఇంట్లో పట్టదక్కా. అమ్మేద్దాం. పిల్లల గదిలో నీకు కొత్త పరుపు వేయిస్తాను. వాళ్ళు అప్పుడే నీ పక్కన ఎవరు పడుకోవాలని కొట్టుకుంటున్నారు."

ఆవిడకి నవ్వొచ్చింది. ఆ పిల్లలంటే ఇష్టమే. వాళ్ళ వెచ్చటి కాళ్ళు తన కడుపు మీద వేసుకుని పడుకోవడం ఇష్టమే. ఊఁ అంటే చాలు, రేపటినుంచి దుప్పటి మడతకి అవతలి కొస పట్టుకునేవాళ్ళు ఉంటారు. ఊఁ అనడం ఆవిడకి ఎంత తేలికో.

"నాలుగు రోజులు టైమివ్వరా" అంది.

"ఇంకా టైమేంటక్కా. నువ్వు లేకపోతే మా ఇల్లు గడవదు."

"నేను పోతే?"

"అవేం మాటలు? నువ్వెందుకు పోతావు?"

"పోయాన్రా. ఇవాళ పొద్దున్నే."

తమ్ముడు ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ జరిగిందంతా చెప్పింది, ఫొటో, పూలు, లేచి నిలబడటం. వాడు మొదట నవ్వాడు. తర్వాత మొహం ఎర్రబడింది. "వాళ్ళకి బుద్ధుందా? బతికున్న మనిషికి మౌనం పాటిస్తారా? వాళ్ళన్నదానికేంలే. నువ్వు నూరేళ్ళుంటావు."

"నూరేళ్ళూ ఉంటానంటావా?"

"ఉంటావు."

"అయితే ఇంకా సగం దగ్గర దగ్గర మిగిలుందిరా. అందులో ఓ అయిదేళ్ళు నాకియ్యి. మిగతావి ఏం చెయ్యాలో తర్వాత చూద్దాం."

అడిగాక ఆవిడకే ఆశ్చర్యం వేసింది, తన గొంతు అంత మామూలుగా ఉన్నందుకు. తమ్ముడు మంచం అంచున కూర్చున్నాడు.

"ఏం చేస్తావు అయిదేళ్ళు?"

"కాలేజీకి వెళ్తాను. సాయంత్రం కాలేజీ ఉంది."

"దేనికక్కా ఇప్పుడు? ఎవరు ఉద్యోగమిస్తారు?"

"ఉద్యోగం ఉందిగా. మా మాస్టారు గోళానికి ఒక సూత్రం చెప్పాడు. అది ఎలా వచ్చిందో చెప్పలేదు. పై తరగతుల్లో చెప్తారట."

"దానికోసమా?"

"దానికోసమే."

 వాడు చెడ్డవాడు కాదు. వాడికి నిజంగానే అర్థం కాలేదు. అక్క అడిగింది ఏ నగో, ఏ ఊరో అయితే అప్పు చేసైనా తీర్చేవాడు. అక్క ఏదైనా అడగడమే వాడికి కొత్త.

"పిల్లలకేం చెప్పను?"

"అత్త బడికెళ్ళిందని చెప్పు."

"నవ్వుతారు."

"నవ్వనీ. ఇవాళ హాలు నిండా జనం నవ్వారు. ఏమైంది?"

వాడు లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు వేసుకుంటూ ఆగాడు. తల ఎత్తకుండా, చిన్నప్పుడు దెబ్బ తగిలించుకుని వచ్చినప్పటి గొంతుతో అన్నాడు.

"నాకు అమ్మ మొహం కూడా గుర్తులేదు. నువ్వే అమ్మవనుకున్నానక్కా ఇన్నాళ్ళూ."

ఆవిడ ఊఁ అనేసేదే. గుమ్మం చట్టం పట్టుకుని నిలబడింది.

"అమ్మ పోయిందిరా" అంది. "నేను తొమ్మిదో తరగతిలో ఉండగానే పోయింది. నేను అక్కని."

తమ్ముడు మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆవిడ కిటికీలోంచి చూసింది. బండి స్టార్టు చేశాడు, ఒకసారికి కాలేదు, రెండోసారి కొట్టాడు, పైకి చూడకుండానే సందు మలుపు తిరిగాడు. ఇక కొన్నాళ్ళు ఫోను కూడా చెయ్యడని ఆవిడకి తెలుసు. తను చేసినా ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తాడు. క్లాసు వాళ్ళు ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఎదుటి బడిలో దీపాలు లేవు, సెలవులు. రేపు డ్యూటీ దిగాక కాలేజీకి వెళ్ళాలి, అక్కడ ఆవిడని ఎరిగినవాళ్ళు ఒక్కరూ ఉండరు.

తల్లి పోయిన రోజున ఇల్లంతా ఏడ్చింది. ఆవిడ ఏడవలేదు. గట్టి పిల్ల అన్నారు అందరూ. గట్టితనమేమీ కాదు. తమ్ముడు పొద్దుటినుంచి చంక దిగనని మారాం చేశాడు, వాడు బెదిరిపోతాడని ఏడుపు దిగమింగింది, వాడు నిద్రపోయాక పొయ్యి వెలిగించాల్సి వచ్చింది. ఆ తర్వాత చంకలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటూనే ఉంది.

ఇప్పుడు ఏమీ లేదు. మంచం మీద కూర్చుని, పద్నాలుగేళ్ళ పిల్ల ఏడ్చినట్టు, అమ్మా అంటూ ఏడ్చింది.